బెంగళూరులో కుటుంబానికి బాడుగ ఇల్లు: ముందు దారి, తర్వాత నీళ్ళు, ఆఖర్న బాడుగ

బెంగళూరులో ఇల్లు వెతికేవాళ్ళు మొదట అడిగేది బాడుగ ఎంతని. ఆ ప్రశ్న చివర్లో రావాలి. నెలకు 14,000 కే దొరికిందని ఊరి చివర ఇల్లు తీసుకుంటే ట్యాంకరు నీళ్ళు, పెట్రోలు, పిల్లల స్కూలు వ్యాను కలిపేసరికి ఊళ్ళో 20,000 ఇంటితో సమానమైపోవచ్చు. పైగా రోజుకు రెండు మూడు గంటలు రోడ్డు పాలు. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి పిల్లాపాపలతో కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒంటరిగా ఉండే కుర్రాళ్ళ అవసరాలు వేరు, వాళ్ళకు పీజీలున్నాయి.

చూసిన ప్రతి ఇంటికీ ఒక కాగితం మీద లెక్క వేయండి. బాడుగ, మెయింటెనెన్సు, నీళ్ళు, కరెంటు, ఆఫీసు రాకపోకలు, స్కూలు వ్యాను. వీటికి అడ్వాన్సు మీద పోయే వడ్డీ కూడా చేర్చాలి, చాలామంది మర్చిపోయేది దీన్నే. లక్షన్నర అడ్వాన్సు ఇస్తే, బ్యాంకులో ఏడు శాతం వచ్చే డబ్బే అనుకున్నా ఏడాదికి 10,500 పోతుంది. అంటే నెలకు 875 రూపాయలు. అప్పు తెచ్చి ఇస్తే ఇంకా ఎక్కువ. బండి మీద పోను పాతిక, రాను పాతిక కిలోమీటర్లయితే నెలలో 22 రోజులకు 1,100 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండి 24, 25 లీటర్లు తాగుతుంది. ఇక్కడ లీటరు వంద దాటింది కాబట్టి రెండున్నర వేలు, సర్వీసు ఖర్చు వేరే. మెట్రో అన్నివేళలా చవక కాదు. 2025 ఫిబ్రవరిలో ఛార్జీలు పెంచినప్పుడు గరిష్ఠ టికెట్టు 90 రూపాయలైంది. ఆ రేటున ఈ చివరి నుంచి ఆ చివరికి రోజూ తిరిగితే నెలకు నాలుగు వేలకు దగ్గర పడుతుంది. స్మార్ట్ కార్డుకు ఐదు శాతం తగ్గుతుంది. అయినా మెట్రోనే నయమంటాను, ఎందుకంటే అది సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్కులో ముప్పావు గంట ఆగిపోదు.

ఇక దారి. ఆఫీసు ఏ లైను మీద ఉందో చూసి, అదే లైను చివరి స్టేషన్ల వైపు వెతకండి. చివర్లో ఎక్కితే పొద్దున సీటు దొరుకుతుంది, బాడుగలూ దిగుతాయి. స్టేషనుకు నడిచి పదిహేను, ఇరవై నిమిషాల్లో చేరగలగాలి. అంతకు మించితే రోజూ రెండు పూటలా ఆటో ఖర్చు మీద పడుతుంది, ఇంటి బాడుగలో మిగిల్చింది దానికే పోతుంది.

వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగమైతే పర్పుల్ లైను చివర కాడుగోడి, చన్నసంద్ర, బెళతూరు, సీగేహళ్ళి చూడండి. వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషన్, మెట్రో స్టేషన్ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి మాలూరు, బంగారుపేట నుంచి మెము రైల్లో వచ్చి మెట్రో పట్టుకోవచ్చు. మాలూరులో తెలుగు బాగా నడుస్తుంది, బాడుగా తక్కువ. కాకపోతే రైళ్ళ మధ్య ఎడం ఎక్కువ. ఆఫీసు నుంచి రోజూ ఒకే వేళకు బయటపడే ఉద్యోగానికే మాలూరు కుదురుతుంది. సాయంత్రం మీటింగులు పొడుగయ్యేవాళ్ళు ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

ఎలక్ట్రానిక్ సిటీకైతే 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైను దారి తెరిచింది. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 16 స్టేషన్లు. హొస రోడ్డు, హుస్కూరు రోడ్డు, హెబ్బగోడి, బొమ్మసంద్ర చుట్టుపక్కల, ఇంకా ముందుకు చందాపుర, అత్తిబెలె చూడండి. మొదలైనప్పుడు మూడే రైళ్ళు, 25 నిమిషాలకొకటి. రైళ్ళు వచ్చేకొద్దీ ఎడం తగ్గుతోంది, మీరు దిగే వారం ఎంతుందో చూసుకోండి. అక్కడి నుంచి హోసూరు దాకా పోవాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. హోసూరులోనూ తెలుగువాళ్ళకు కొదవ లేదు. అయితే అది తమిళనాడు. కర్ణాటకలో ఇంటి కరెంటు ఉచితమయ్యే గృహజ్యోతి గానీ, ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యే శక్తి పథకం గానీ అక్కడి చిరునామాకు రావు. బదులుగా అక్కడ రెండు నెలలకు వంద యూనిట్ల కరెంటు ఉచితం. వేరే ఒప్పందం రాసుకోకపోతే అడ్వాన్సు మూడు నెలల బాడుగకు మించకూడదని ఆ రాష్ట్ర చట్టం చెబుతోంది. అడ్వాన్సుకు డబ్బు సర్దలేని కుటుంబానికి ఇది పెద్ద మాటే.

మారతహళ్ళి, కాడుబీసనహళ్ళి, బెళ్ళందూరు వైపు ఆఫీసులైతే పని కష్టం. ఔటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో నడిచేదాకా కె.ఆర్.పుర దాకా పర్పుల్ లైనులో వచ్చి అక్కడ 500డి బస్సు ఎక్కడమే నమ్మకమైన దారి. అందుకే హూడి, గరుడాచార్‌పాళ్య, రామమూర్తినగర, టి.సి.పాళ్య చూడమంటాను. బైయప్పనహళ్ళి, హోసూరు రైలు మార్గంలో బెళ్ళందూరు రోడ్, కార్మెలారం, హీలలిగె స్టేషన్లున్నాయని చాలామందికి తెలియదు. వేళ కుదిరితే వాటికి మించింది లేదు. పీణ్యా వైపు పనిచేసేవాళ్ళకు మాదావర, నెలమంగల. హెబ్బాళ వైపు వాళ్ళకు యలహంక, దొడ్డబళ్ళాపుర. హిందూపురం రైలు ఆ దారినే పోతుంది కాబట్టి ఊరికి వెళ్ళిరావడమూ సులువు.

ఏ దారి ఎంచుకున్నా, అడ్వాన్సు ఇచ్చే ముందు మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు ఉదయం ఎనిమిదిన్నరకు ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా ప్రయాణం చేయండి. ఇంటి నుంచి పని చేసే వెసులుబాటు వల్ల సోమ, శుక్రవారాల్లో రద్దీ కాస్త పలచబడుతుంది. ఆదివారం ఇల్లు చూసి గంటలో వచ్చేశామనుకుంటే మోసపోతారు.

నీళ్ళ దగ్గర ఎంతసేపు అడిగినా తప్పులేదు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం. నలుగురికి 540, నెలకు 16,200 లీటర్లు. ఆరు వేల లీటర్ల ట్యాంకరు పదకొండు రోజులకే అయిపోతుంది. పది వేల లీటర్ల సంపు మీద ఎనిమిది ఇళ్ళుంటే రెండు రోజులకే అడుగంటుతుంది. అందుకే "కావేరి ఉందా" (అంటే జలమండలి కుళాయి నీళ్ళు వస్తాయా) అని మాత్రమే అడిగి ఊరుకోకండి. వారానికి ఎన్ని రోజులొస్తుంది, ఎంతసేపొస్తుంది, సంపు ఎంత, ఇళ్ళెన్ని, బోరు లోతెంత, వేసవిలో ట్యాంకరు ఖర్చు ఎవరిది? ఇవన్నీ అడగాలి. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాలకు కావేరి అయిదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. అయితే వీధిలో పైపు ఉన్నంత మాత్రాన ఇంట్లోకి నీళ్ళు వచ్చినట్టు కాదు. కనెక్షనుకు డబ్బు కట్టాల్సింది ఇంటి యజమాని, కొందరు ఇంకా కట్టలేదు. జలమండలి బిల్లు చూపించమనండి. బిల్లు ఉంటే కనెక్షనున్నట్టు.

బోరు నీళ్ళే అయితే కుళాయి మూతుల్ని, బాత్రూము టైల్సును చూడండి. తెల్లగా పేరుకుని ఉంటే నీళ్ళు గట్టివి. గీజరు కాయిలు తొందరగా పాడవుతుంది, వాషింగ్ మెషీనుకూ అదే గతి. నీళ్ళలో కరిగిన లవణాలెన్నో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, వెంట తీసుకెళ్ళండి. తాగునీటికి మన బీఐఎస్ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటుంది. ఆ మీటరు నీటి కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. సబ్బు నురగ రాకపోతే అదే గుర్తు. ఉదయం ఏడింటికి ఇల్లు చూసే వీలుంటే వదులుకోకండి. అన్ని ఇళ్ళలో నీళ్ళు వాడే వేళ అది. అప్పుడు రెండు కుళాయిలు తిప్పి ఫ్లష్ నొక్కితే ఒత్తిడి ఎంతో తెలిసిపోతుంది.

వానల సంగతీ చూడాలి. 2022 సెప్టెంబరులో యమలూరు వైపు, 2025 మేలో హొరమావు సాయి లేఅవుట్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. కింది అంతస్తు ఇంటికి, రాజకాలువకు (వాన నీళ్ళు పోయే పెద్ద కాలువ) దగ్గరి ఇంటికి ఈ ప్రమాదముంది. కాంపౌండు గోడ మీద నీటి గీత, ప్లగ్ పాయింట్లు నడుమెత్తులో ఉండటం, గుమ్మం ముందు కొత్తగా కట్టిన అడ్డుగట్టు, ఇవన్నీ చెప్పకుండానే చెబుతాయి. వీధిలోకి వాన నీరు వస్తే సంపులోకి మురుగు చేరుతుందని మర్చిపోవద్దు.

కరెంటుకు ఇంటికి విడిగా బెస్కాం మీటరుందా అన్నదే ప్రశ్న. ఒకే మీటరు మీద సబ్-మీటర్లు పెట్టి యజమాని తన రేటు వసూలు చేసే ఇళ్ళలో గృహజ్యోతి మీకు రాదు. ఆ పథకం నెలకు 200 యూనిట్ల లోపు వాడేవాళ్ళకు, బాడుగవాళ్ళకు కూడా వర్తిస్తుంది. అది కరెంటు కనెక్షను నంబరుకు, అంటే ఆర్.ఆర్. నంబరుకు, ఆధార్ ముడిపడి నడుస్తుంది. పాత బాడుగవాళ్ళు తమ ఆధార్ తీయించకపోతే మీరు చేర్చుకోలేరు. ఆ పని అయిందో లేదో ముందే అడగండి.

ఇల్లు దొరికే చోటు యాప్ ఒక్కటే కాదు. తక్కువ బాడుగ ఇళ్ళు చాలావరకు గేటుకు వేలాడే టు-లెట్ బోర్డుల మీదే ఉంటాయి, యాప్‌లోకి ఎక్కవు. నోటీసులు నెల మొదట్లో ఇస్తారు కాబట్టి అయిదో తారీఖు నుంచి ఇరవై దాకా వీధులు తిరగడం మంచిది. చిల్లర కొట్టు ఆయన్ని, ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే ఏ ఇల్లు ఖాళీ అవుతోందో చెబుతారు. "మనె ఖాలి ఇదెయా" (ఇల్లు ఖాళీ ఉందా) అని కన్నడంలో మొదలుపెట్టండి, ఆ తర్వాత తెలుగులో మాట్లాడినా ఇటువైపు చాలామందికి అర్థమవుతుంది. మాంసం వండుకోవచ్చా, ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చి నెల రోజులుంటే అభ్యంతరమా అని ఫోనులోనే అడిగేస్తే ఒక తిరుగుడు తప్పుతుంది. ఏప్రిల్, మే నెలల్లో స్కూళ్ళ వల్ల గిరాకీ ఎక్కువ. అప్పుడు బేరం కుదరదు. రెండు నెలలుగా ఖాళీగా ఉన్న ఇంటికి బాడుగ తగ్గించడం కన్నా అడ్వాన్సు తగ్గించడానికే యజమాని తేలిగ్గా ఒప్పుకుంటాడు. పది నెలల అడ్వాన్సు ఇక్కడి పాత అలవాటు. 2021 నమూనా అద్దె చట్టం రెండు నెలలని చెప్పినా, అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే. కాబట్టి ఇది బేరం విషయమే.

సైన్యంలో ఉన్నాను, బదిలీ అయింది, ఇల్లు చూడ్డానికి గేట్ పాస్ డబ్బు పంపండి అనేవాడు మోసగాడు. ఇల్లు లోపల చూడకుండా, యజమాని పేరు ఇంటి పన్ను రసీదులో చూడకుండా టోకెన్ అయినా ఇవ్వకండి.

"లీజు"కు ఇస్తామనే ఇళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. పదో పదిహేనో లక్షలు ఒకేసారి కడితే రెండు మూడేళ్ళు బాడుగ లేకుండా ఉండొచ్చన్న ఏర్పాటిది, మధ్యతరగతికి ఎంతో ఆశ పుట్టిస్తుంది. ప్రమాదాలు రెండు. యజమాని ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు కట్టకపోతే బాకీల వసూలుకున్న సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటుంది. మీ లక్షల కోసం మీరు కోర్టు చుట్టూ తిరగాలి. రెండోది, మధ్యవర్తి మీ దగ్గర మొత్తం తీసుకుని, యజమానికి నెలనెలా బాడుగ కడుతూ ఒకరోజు ఆపేయడం. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు కావేరి ఆన్‌లైన్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయండి. అయితే దస్తావేజులు బ్యాంకులో ఉంచి తీసుకున్న అప్పు ఈసీలో కనిపించకపోవచ్చు, అందుకని బ్యాంకుల తాకట్టులు నమోదయ్యే సెర్సాయ్ వెబ్‌సైటులో కూడా కొద్ది రుసుము కట్టి వెతకండి. ఏడాది దాటిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించి తీరాలి. రిజిస్ట్రేషనుకు ఒప్పుకోని యజమానికి, మధ్యవర్తికి రూపాయి ఇవ్వకండి.

మామూలు బాడుగకైతే పదకొండు నెలల అగ్రిమెంటు నడుస్తుంది. అందులో నాలుగు మాటలు కచ్చితంగా రాయించండి: ఏటా పెంపు ఎంత శాతం, నోటీసు ఎన్ని నెలలు, పెయింటింగు కింద ఎంత కోస్తారు, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు. పెయింటింగుకు నెల బాడుగ కోయడం ఇక్కడ మామూలైపోయింది. అంకె రాయకపోతే అది రెండు నెలలవుతుంది. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే పంపండి. ఏడాది బాడుగ లక్ష దాటి, పాత పన్ను పద్ధతిలో హెచ్‌ఆర్‌ఏ చూపించాలనుకుంటే యజమాని పాన్ కావాలి. ఇస్తారో లేదో సంతకానికి ముందే తేల్చుకోండి, తర్వాత అడిగితే మొహం చాటేస్తారు. దిగిన రోజే గోడల చెమ్మ, పగిలిన టైల్సు, తలుపుల గీతలు, మీటరు రీడింగు వీడియో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపితే, వెళ్ళేటప్పుడు ఆ మచ్చలు మీ మీద పడవు.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు చేతికి వచ్చిన రోజే తాళం ఇచ్చేలా మాట్లాడుకోండి. చివరి కరెంటు బిల్లు కట్టి, మీ ఆధార్‌ను ఆ ఆర్.ఆర్. నంబరు నుంచి తీయించండి. అలా చేస్తేనే కొత్త ఇంట్లో మీకు, ఈ ఇంట్లో తర్వాత వచ్చేవాళ్ళకు గృహజ్యోతి కుదురుతుంది.