గుమ్మడికాయ వేలం

ఒక బిషప్పు పర్యవేక్షించే సంఘాల ప్రాంతమైన డోర్నకల్ డయాసిస్‌లోని మా అమ్మమ్మ ఊరి చర్చిలో కోత పండుగ ఆరాధన పదకొండింటికే ముగుస్తుంది గాని, జనం ఇళ్లకు కదిలేసరికి రెండు దాటుతుంది. వరి కంకుల కట్టలు, బుట్టెడు కోడిగుడ్లు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు, ఇంకా మట్టి వదలని చిలగడదుంపలు కానుకలుగా బల్ల ముందు పోగుపడి ఉంటాయి. వాటి వేలం పూర్తయ్యేదాకా ఎవరూ లేవరు.

ఈసారి నా ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమ్మ పెరట్లో కాసిన గుమ్మడికాయను తడిగుడ్డతో తుడిచి తెచ్చారు. సంఘపెద్ద యాభై రూపాయలకు పాట మొదలుపెడితే, కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే ఒకాయన మూడు వందలకు పాడుకుని, ఆ కాయను అక్కడికక్కడే మళ్లీ వేలానికి ఇచ్చేశారు. రెండో పాటలో, హైదరాబాదులో ఆటో నడుపుకుంటూ పండుగకు వచ్చిన పెద్దమ్మ కొడుకే దాన్ని పదకొండు వందలకు దక్కించుకున్నాడు. "ఇంట్ల ఉన్నదాన్నే పైసలిచ్చి కొంటివేందిరా!" అని ఆమె తిట్టిన తిట్టుకు పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

పాటకూ పాటకూ మధ్య ప్రకటనలు సాగాయి: ఒక జంట పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చదివే వివాహ ప్రకటనలో రెండోది, బాప్తిస్మం పొందినవారి విశ్వాసాన్ని స్థిరపరచే నిర్ధారణ ఆచారానికి బిషప్పుగారు వచ్చేలోగా పిల్లలు అప్పజెప్పవలసిన పాఠాలు, స్త్రీల మైత్రి కూడిక. డయాసిస్ వార్తలు ఎంత పెద్దవైనా మా ఊరివాళ్లకు చేరేది ఈ ప్రకటనల ద్వారానే.

ఇవ్వడం అనే ఈ అలవాటు ఇక్కడ ఊరికే ఏర్పడలేదు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి. ఎస్. అజరయ్యగారు 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఇంగ్లండు సంఘ సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. కూలినాలి చేసుకునే కుటుంబాలు కూడా తమ సంఘాన్ని తామే పోషించుకోవాలని ఆయన పట్టుబట్టేవారు. బాప్తిస్మం పొందినవారి చేతిని వారి తలమీదే పెట్టించి, "సువార్త ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అని పలికించేవారు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవుని కుండలో వేసే అలవాటును మా అమ్మమ్మ చివరిదాకా మానలేదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇతరులు ఒకటైనప్పుడు పైనున్న పేరు మారింది గాని, పిడికెడు బియ్యం మారలేదు. డోర్నకల్ పట్టణంలో 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన, బిషప్పుగారి ప్రధాన ఆలయమైన ఎపిఫనీ కథీడ్రల్‌ను చూసినా ఈ సంఘం ఇక్కడిదే అనిపిస్తుంది. గుమ్మటాలు మసీదును, చెక్కిన రాతి స్తంభాలు కోవెలను గుర్తుచేసే ఆ కట్టడం అప్పట్లో నిజాం ఏలుబడిలో ఉన్న ఈ నేలకు పరాయిదనిపించదు.

నాకు నచ్చనిదొక్కటే: ఈమధ్య పండుగలలో వేలం కంటే వేదికమీది శాలువాల కార్యక్రమమే ఎక్కువసేపు సాగుతోంది. ఈసారి అది అయ్యేసరికి చిన్నపిల్లలు నిద్రపోయారు, ఒక కోడిపుంజు కట్టు తెంపుకుని బెంచీల కిందకు దూరింది.

సాయంత్రం బండికి నేను బయలుదేరేటప్పుడు పెద్దమ్మ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని ఆ గుమ్మడికాయను కోస్తున్నారు. సగం పాస్టరుగారింటికని పక్కన పెట్టి, మిగిలిన దాంట్లోంచి ఒక పెద్ద ముక్కను కాగితంలో చుట్టి నా సంచిలో పడేశారు.