ఆర్ట్ అండ్ కల్చర్: యుద్ధ శిల్పాన్ని నేను ఎలా చదివాను

సివిల్స్ మెయిన్స్‌లోని జీఎస్-1 (జనరల్ స్టడీస్ మొదటి పేపర్)లో ఆర్ట్ అండ్ కల్చర్ అనగానే ఏ గుడి ఎవరు కట్టారు, ఏ శాసనం ఏ ఏడాదిది అని బట్టీ పట్టడం మొదలవుతుంది. బెంగళూరు విజయనగర్‌లో రూములు తీసుకుని చదివే మన తెలుగువాళ్లలో ఈ టెన్షన్ నేను రోజూ చూస్తాను. నా ఆన్సర్లకు బలం వచ్చింది మాత్రం ఒక్క ప్రశ్నతో: గెలిచిన రాజు ఇక్కడ ఏం చూపించాడు, ఏది వదిలేశాడు?

ప్రిలిమ్స్‌కు అవసరం లేకపోయినా, యూదా రాజ్యంలోని కోట నగరం లాకీష్ ముట్టడిని చూపించే శిల్పాలు ఒకసారి చూడండి. క్రీ.పూ. 701లో అస్సీరియా (నేటి ఇరాక్ ప్రాంతం) రాజు సెన్నాకెరిబ్ యూదా రాజ్యం మీద దండెత్తాడు. తన రాజధాని నినెవేలోని రాజభవనంలో ఒక గది గోడల నిండా లాకీష్ ముట్టడిని చెక్కించాడు. కోటగోడలు కూల్చే యంత్రాలు, కొరత వేసిన మనుషులు, మూటాముల్లె సర్దుకుని పిల్లలతో వెళ్లిపోతున్న కుటుంబాలు, వాళ్లందరికీ ఎదురుగా సింహాసనం మీద రాజు. నిజానికి యూదా రాజధాని జెరూసలేం. దాన్ని అతడు పట్టుకోలేకపోయాడు. ఆ సంగతి తెలిశాక లాకీష్‌కు అంత పెద్ద గది ఎందుకిచ్చాడో అర్థమవుతుంది.

రోమ్‌లో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభానిది ఇంకో పద్ధతి. డేసియా (నేటి రొమేనియా ప్రాంతం) మీద చేసిన యుద్ధాల కథలో చక్రవర్తి ట్రాజన్ యాభైసార్లకు పైగా కనిపిస్తాడు, కానీ ఎక్కడా స్వయంగా కత్తి దూయడు. ప్రసంగిస్తాడు, బలి ఇస్తాడు, రాయబారులను కలుస్తాడు. మెయిన్స్‌లో "రాజు గొప్పతనాన్ని చాటుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా ఇలాంటి వివరం ఒకటి రాయండి.

మన దగ్గరికొస్తే నన్ను బాగా కదిలించింది అశోకుడి 13వ శిలాశాసనం. కళింగలో లక్ష మంది చనిపోయారనీ, లక్షన్నర మందిని తరలించారనీ పశ్చాత్తాపంతో చెప్పుకున్నాడు. అది మన కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది. కళింగలోని ధౌలి, జౌగడల్లో మాత్రం లేదు; అక్కడ దాని స్థానంలో వేరే శాసనాలు వేయించాడు. ఓడినవాళ్ల ముందు ఆ లెక్క ఎత్తలేదన్నమాట.

బెంగళూరులో ఉన్నవాళ్లు కస్తూర్బా రోడ్ ప్రభుత్వ మ్యూజియంలోని ఆతకూరు వీరగల్లును (పోరాడి చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపే రాయి) కూడా ఈ ప్రశ్నతోనే చూడండి. దాని మీది శాసనంలో, రాష్ట్రకూటులతో పోరాడుతూ చోళ రాజాదిత్యుడు చనిపోయిన తక్కోలం యుద్ధం ఉంది. బొమ్మలో మాత్రం అడవి పందితో పోరాడి చనిపోయిన కాళి అనే కుక్క ఉంది. రాజుల ప్రశస్తికీ (రాజును పొగిడే శాసనం) వీరగల్లుకూ తేడా రాయాల్సి వస్తే నేను ఈ ఉదాహరణే రాస్తాను.