వల దాకా రాని కోహోలు: నియా బే, మూడో విడత

రెండు రోజుల్లో తొమ్మిది చేపలు నా గాలానికి తగిలాయి. వాటిలో రెండే చేతికి అందాయి, ఆ రెండింటిలో ఒకదాన్ని నిబంధన ప్రకారం నీళ్ళలోకే వదలవలసి వచ్చింది. ఇంటికి చేరింది ఒక్క కోహో, అంటే ఒక్క సాల్మన్ చేప. చేప తగలనప్పుడు పొగమంచునో ఆటుపోట్లనో తిట్టుకుని ఊరుకోవచ్చు. తగిలిన చేప యాభై అడుగుల లోతు నుంచి పైకి వచ్చి, వెండిలా మెరిసి, నా వలకు మూరెడు దూరంలో ఒక్కసారి తల విదిల్చి వెళ్ళిపోతే, అదీ ఒకసారి కాదు, అయిదుసార్లు అలాగే జరిగితే, తిట్టుకోవడానికి ఎవరినని వెతకను?

ప్రయాణం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నలుగురం, నాలుగు కయాక్‌లు (ఒక్కరు కూర్చునే సన్నని పడవలు), రెండు కార్లు. శుక్రవారం మధ్యాహ్నం ఎడ్మండ్స్‌లో ఫెర్రీ ఎక్కి, పోర్ట్ ఏంజెలెస్ దాటి, 112వ నంబరు రోడ్డు మలుపులన్నీ తిరిగి వెళ్ళేసరికి చీకటి పడింది. వాషింగ్టన్ రాష్ట్రపు వాయవ్య మూలన, హ్వాన్ డి ఫ్యూకా జలసంధి పసిఫిక్‌లో కలిసే చోట, మకా అనే అమెరికా ఆదివాసీ తెగవారి నేలలో (రిజర్వేషన్‌లో) ఉన్న ఊరు నియా బే. వారి రిక్రియేషన్ పాస్ కొని కారులో కనిపించేలా పెట్టి, హోబక్ బీచ్‌లో గుడారాలు వేశాము. శనివారం ఉదయం ఆరు గంటలకు కయాక్‌లను హార్బరులో దించాము. వాదా ద్వీపానికి పడమటి వైపును అలల అడ్డుగోడ మూసివేస్తుంది కనుక తూర్పు పక్కనుంచి చుట్టి జలసంధిలోకి వెళ్ళాలి. పది గంటల దాకా పొగమంచు వీడలేదు. మా జట్టులో పెద్దాయన వీహెచ్ఎఫ్ రేడియోలో పావుగంటకొకసారి అందరినీ పేరుపేరునా పిలిచి, "తమ్ముడూ, ఈలకు అందనంత దూరం పోవద్దు" అని హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆటు నీరు పడమటికి, మహాసముద్రం వైపు లాగుతుంది. మధ్యాహ్నం పడమటి గాలి లేచి దానికి ఎదురు నిలిస్తే అలలు గోడల్లా లేస్తాయి. అందుకే రెండు రోజులూ పన్నెండు లోపే ఒడ్డు చేరాము. పెద్దాయనకు మూడు కోహోలు, ఒక లింగ్‌కాడ్. మిగతా ఇద్దరికీ చెరొక కోహో, కొన్ని నల్ల రాక్‌ఫిష్‌లు. పని చేసిన లోతు 45 అడుగులు, పని చేసిన ఎర రంగు వెండి మీద ఆకుపచ్చ. విజయాల పద్దు ఇంతే.

ఇక నా పద్దు. ఎనిమిదిన్నర అడుగుల రాడ్, దానికి 30 పౌండ్ల అల్లిక దారం, దారాన్ని గుండు బరువుతో కావలసిన లోతుకు దించే స్కాటీ వారి లేక్‌ట్రోలర్ డౌన్‌రిగ్గర్, నాలుగు పౌండ్ల గుండు, మెరుపుతో చేపను రప్పించే 11 అంగుళాల ఫ్లాషర్ పలక, దాని వెనుక 60 అంగుళాల లీడర్ (ఎర దాకా ఉండే చివరి దారం), లీడర్ చివర ఎరగా ఆడే సన్నని లోహపు స్పూను, స్పూనుకు 4/0 సైజు ఒంటి గాలం. ముల్లు ఉన్న గాలంతో ఇక్కడ సాల్మన్ పట్టరాదు కనుక ముల్లు లేనిదే. జీపీఎస్ వేగం గంటకు రెండు మైళ్ళ పైచిలుకు చూపింది గానీ, కాళ్ళతో పెడళ్ళు తొక్కి ఆటు నీటికి ఎదురు వెళ్ళేటప్పుడు ఆ అంకెను నమ్మడం దండగ. డౌన్‌రిగ్గర్ తీగ నీటిలోకి దిగే ఏటవాలును చూసుకుని తొక్కడమే మేలు. ఇంతవరకు నా అమరికలో తప్పు ఉన్నట్టు తోచదు, ఎందుకంటే నలుగురిలోకీ ఎక్కువ చేపలు తగిలింది నాకే.

పోయిన ఏడింటిలో ఒకటి తగిలిన క్షణంలోనే విడిపోయింది. దాన్ని ఏ లెక్కలోనూ వేయను. ఇంకొకటి సగం దూరం వచ్చాక దారం ఒక్కసారిగా రెట్టింపు బరువెక్కింది, ఆ తరువాత నలభై గజాల అవతల ఒక సీల్ తల ఎత్తి తీరిగ్గా నములుతూ నా వైపు చూసింది. అది దాని పద్దు. మిగిలిన అయిదూ కయాక్‌కు ఎనిమిది అడుగుల లోపల పోయినవే.

వాటిలో శనివారం ఏడు నలభైకి పోయిన దాన్ని మాత్రం వివరంగా చెప్పవలసిందే, ఎందుకంటే మిగతా నాలుగూ దాదాపు దానికి నకళ్ళే. అది ఎనిమిది పౌండ్ల చేప అని నా అంచనా. మూడుసార్లు దారం లాక్కుని పరుగెత్తి, నాలుగోసారి అలసి పైకి వచ్చింది. తోకకు ముందు ఉండవలసిన చిన్న అడిపోజ్ రెక్క లేదు, అంటే హాచరీ (చేపల పెంపక కేంద్రం) వారు గుర్తుగా ఆ రెక్క కత్తిరించి వదిలినది, ఉంచుకోదగినది. రీలు తిప్పుతూ ఉంటే ఫ్లాషర్ వచ్చి రాడ్ కొనకు తగిలింది. ఇక తిప్పడానికి దారం లేదు. చేప ఇంకా ఫ్లాషర్‌కు అయిదడుగుల కింద, నాకు ఎడమ పక్కన, అడ్డంగా ఈదుతోంది. కుడిచేత రాడ్‌ను తలమీదుగా వెనక్కి వంచాను, ఎడమచేత వల చాచాను. వల అంచుకూ చేప మూతికీ మధ్య సుమారు రెండడుగులు. ఇంకాస్త వెనక్కి వంగితే కయాక్ ఒరుగుతుంది, నీరు 11 డిగ్రీల చలిలో ఉంది. ఆ తటపటాయింపులో రాడ్ కొన ఒక జానెడు కిందికి దిగింది. దారం వదులైంది. చేప తల రెండుసార్లు అటూ ఇటూ ఆడించింది, ఫ్లాషర్ గాలిలో తళతళమని ఊగింది, గాలం ఊడి నా టోపీకి వచ్చి తగిలింది.

మొదట గాలాన్ని అనుమానించాను. కానీ ముల్లు లేని గాలం నలుగురిదీ, ఇన్ని చేపలు పోయింది నావే. మొన గోటి మీద పెడితే జారకుండా నిలుస్తోంది కనుక పదునులోనూ లోపం లేదు. తరువాత డ్రాగ్‌ను, అంటే రీలు బిగింపును, అనుమానించాను. ఇండియా ప్రయాణాలకు పెట్టెలు తూచే చేతి తక్కెడను దారానికి తగిలించి లాగి చూస్తే ఆరు పౌండ్ల దగ్గర రీలు జారింది. అల్లిక దారం సాగదు, పైగా ఆరు పౌండ్ల బిగింపు, చేప తల విదిల్చినప్పుడల్లా గాలం పట్టిన రంధ్రం పెద్దదవుతుందేమోనని ఆదివారం నాలుగు పౌండ్లకు తగ్గించాను. పోరాటం రెండు నిమిషాలు పెరిగింది, అంతే. చివర్లో పోవలసినవి చివర్లోనే పోయాయి. అయినా ముల్లు లేని గాలానికి నైలాన్ దారమే తగినదని నా అభిప్రాయం. అల్లిక దారం లోతుకు తొందరగా దిగుతుందని పొగిడేవారంతా పెద్ద పడవల వారే, వారికి రెండో మనిషి వల పడతాడు.

మూడో అనుమానం నా కాళ్ళ మీద. చేప దగ్గరికి రాగానే నేను తొక్కడం ఆపేస్తున్నాను. కయాక్ ఆగితే దారాన్ని బిగువుగా ఉంచేది రాడ్ ఒక్కటే, పైగా చేప కయాక్ కిందికి దూరడానికి అప్పుడే సందు దొరుకుతుంది. నాలుగోది అలాగే పోయింది. నా హోబీ కయాక్‌లో పెడళ్ళతో రెక్కలు ఆడించే మిరాజ్ డ్రైవ్‌ను ఎంత మెచ్చుకున్నా తక్కువే గానీ, దాని రెండు రెక్కలు అడుగున వేలాడుతూ ఉంటాయని, ఒక పెడల్‌ను పూర్తిగా ముందుకు తోసి వాటిని అడుగుకు అంటుకునేలా మడవాలని నాకు తెలియక కాదు. చేప కనబడితే తెలిసినవన్నీ మరచిపోవడమే నా జబ్బు. దారం రెక్కకు రాసుకుంది, ఇక చెప్పడానికేముంది. ఆదివారం చివరి రెండు చేపలకు మాత్రం గుర్తుపెట్టుకుని, మెల్లగా ముందుకు తొక్కుతూనే ఉన్నాను. వాటిలో ఒకటి అందింది. అదే అడిపోజ్ రెక్క ఉన్న సహజమైన కోహో. ఉంచుకోగూడని సాల్మన్‌ను వాషింగ్టన్‌లో పడవలోకి ఎక్కించడమే తప్పు కనుక, నీళ్ళలోనే పటకారుతో గాలం తిప్పి వదిలేశాను. తొమ్మిదింటిలోకీ బుద్ధిగా పక్కకు వచ్చి నిలబడిన చేప అదొక్కటే.

వల గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాని మడత పిడి గొళ్ళెం సరిగా పడదు, చాచినప్పుడు రెండుసార్లు లోపలికి జారింది. ఏ కంపెనీదో చెప్పి ప్రయోజనం లేదు, చవకగా వస్తోందని కొన్నది నేనే.

అసలు కారణం ఇంటికి వచ్చాక, పెరట్లో దొరికింది. సోమవారం సాయంత్రం కయాక్‌ను గడ్డి మీద పెట్టి అందులో కూర్చున్నాను. ఒక గ్యాలన్ పాల డబ్బాను నీళ్ళతో నింపితే ఎనిమిది పౌండ్ల పైచిలుకు తూగింది, అంటే దాదాపు నా కోహో బరువు. దాన్ని స్పూను స్థానంలో కట్టి, ఫ్లాషర్ రాడ్ కొనకు తగిలేదాకా రీలు తిప్పి, బరువు పక్కకు లాగుతున్నట్టు ఉండేలా రాడ్‌ను వెనక్కి వంచాను. మా ఆవిడ టేపు పట్టుకుని నా నడుము నుంచి డబ్బా దాకా కొలిచింది. లీడర్ 60 అంగుళాలైతే ఏడున్నర అడుగులు, 42 అయితే ఆరు, 30 అయితే అయిదు. ఇక నా చేయి, వల పిడి, వల చట్రం కలిపి, కయాక్ ఒరగకుండా అందే దూరం నాలుగున్నర అడుగులు. మూడుసార్లు కొలిచినా అంకెలు రెండు అంగుళాలకు మించి మారలేదు. "ఈ డబ్బా కదలడం లేదు కాబట్టి సరిపోయింది, అదే చేప అయితే మీరు పట్టలేరు" అని ఆవిడ టేపు చుట్టేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అరవై అంగుళాల లీడర్ పెద్ద పడవ మీద నిలబడిన మనిషి కోసం పుట్టిన కొలత. అతని చేతులు నీటికి ఆరేడడుగుల ఎత్తున ఉంటాయి, నావి రెండడుగుల ఎత్తున. ఈ తేడాను నేను పుస్తకాల్లో వెతకనక్కరలేదు. మా ఉప్పాడ తీరంలో తెప్ప మీద కూర్చుని గాలం వేసేవారికీ మరపడవ వారికీ పనిముట్లు ఒకటి కావని చిన్నప్పటి నుంచి చూసినవాడినే. చూసి కూడా పెద్ద పడవ కొలతను తెచ్చి కయాక్‌కు కట్టాను. స్పూను సహజంగా ఆడాలంటే లీడర్ పొడవుగా ఉండాలన్న మాట నిజమే కావచ్చు, కానీ చేపలు తగలడం నా సమస్య కాదు కదా. పైగా ఇంత వెడల్పు ఫ్లాషర్ రాడ్ కొనకూ చేప మూతికీ మధ్య వేలాడుతూ ఉంటే, చేప తల ఆడించిన ప్రతిసారీ అది అటు నుంచి ఇంకొక కుదుపు ఇస్తుంది. ముల్లు లేని గాలానికి అలాంటి కుదుపు ఒకటి చాలు.

ఇక్కడ పెద్దాయన పద్ధతిని ఒప్పుకోక తప్పడం లేదు. కిందటి ఏడాదే ఆయన చెప్పారు, నేను వినలేదు. ఆయన ఫ్లాషర్‌ను దారానికి కట్టరు. డౌన్‌రిగ్గర్ గుండుకు విడిగా మూడడుగుల తాడుతో కట్టి వదిలేస్తారు, గుండుకు అయిదడుగుల ఎత్తున డౌన్‌రిగ్గర్ తీగకు క్లిప్పు పెట్టి స్పూను దారం తగిలిస్తారు. మెరుపు చూసి వచ్చిన చేప స్పూనును పట్టుకుంటుంది, క్లిప్పు వీడగానే చేపకూ రాడ్‌కూ మధ్య దారం తప్ప ఇంకేమీ ఉండదు. రాడ్ కొనకు మూడడుగుల దాకా తిప్పుకోవచ్చు. నాలుగు చేపలు తగిలితే ఆయనకు ఒక్కటే పోయింది. కానీ ఇందులోనూ నాకొక చిక్కు కనబడుతోంది. చేప తిరుగుతున్నంతసేపూ గుండూ ఫ్లాషరూ నీళ్ళలోనే ఉంటాయి. కయాక్‌ను చేప గిరగిర తిప్పితే ఆ తీగకు చుట్టుకోదా? ఆయన ఒక చేత రాడ్ పట్టుకుని రెండో చేత డౌన్‌రిగ్గర్ పైకి తిప్పుకుంటారు, అది ముప్ఫై ఏళ్ళ అలవాటు. నాకు ఆ రెండు చేతులు ఒకేసారి వేర్వేరు పనులు చేస్తాయన్న నమ్మకం లేదు.

అందుచేత సెప్టెంబరులో ఈ జలసంధి ఒడ్డునే ఉన్న సీక్యూకు వెళ్ళేటప్పుడు రెండు అమరికలూ తీసుకువెళ్తాను. ఆ నెలలో జలసంధిలోకి వచ్చే కోహోలు ఇంకా బలిసి ఉంటాయి, కనుక పరీక్షకు అంతకన్నా మంచి అదను లేదు. మొదటి ఉదయం ఎనిమిది అంగుళాల చిన్న ఫ్లాషర్, 30 అంగుళాల లీడర్, దానికి తగినట్టు స్పూనుకు బదులు హూచీ (స్క్విడ్‌లా కనబడే మెత్తని ఎర), నైలాన్ దారం. రెండో ఉదయం పెద్దాయన పద్ధతి. గుండును అప్పటికప్పుడు పైకి తీయడం రానంతవరకు లోతు 30 అడుగులు దాటించను. వల పిడి గొళ్ళేనికి ఇప్పటికే రంధ్రం వేసి స్టీలు పిన్ను దింపాను, పిడికి ఇంకొక పద్నాలుగు అంగుళాల అల్యూమినియం గొట్టం జోడించాను. పెరట్లో డబ్బాతో మళ్ళీ కొలిస్తే 30 అంగుళాల లీడర్‌కు వల అరడుగు దాటి వెళ్ళింది. పెడల్ మడవడం మరచిపోకుండా కయాక్ ముందు మూత మీద తెల్లని పెయింటుతో "కాలు ముందుకు" అని రాసుకున్నాను.

వచ్చిన ఆ ఒక్క కోహోనూ ఆదివారం రాత్రే పులుసు పెట్టాము. గోదావరి వాళ్ళు పులసకు చూపే మర్యాదంతా చూపించి, మట్టి దాకలో, బెండకాయలు వేసి, మర్నాటి దాకా ఉంచి తిన్నాము. సముద్రంలో పెరిగి ఏటికి ఎదురీదే గుణం రెండింటిదీ ఒకటే గానీ కోహోలో ముళ్ళు తక్కువ, నూనె కూడా తక్కువే. సెప్టెంబరు చేపకు పులుపు కాస్త తగ్గించాలి.