కిరోసిన్ పోశావా?

పెట్టె విప్పి నా ట్రక్కు ఇంజిన్‌కు కొన్న అల్యూమినియం హెడ్లు (సిలిండర్ల మీద మూతల్లా కూర్చునేవి) బల్ల మీద పెట్టగానే విజయవాడలో ఉన్న బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజిన్లు విప్పిన మనిషి. ఆ తళతళలు చూసి మురిసిపోతాడనుకుంటే, "కిరోసిన్ పోశావా?" అన్నాడు.

అంతవరకు రావడానికే నాకు రెండు నెలలు పట్టింది. డాలస్‌లో నా గ్యారేజీలో ఉన్నది 1978 షెవర్లే సి10 ట్రక్కు, అందులో 350 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్ వి8 ఇంజిన్. పాత ఇనప హెడ్ల పోత నంబరులో చివరి మూడంకెలు 882. బీటలకు పేరుపడ్డ రకం. నాదీ వాల్వు సీట్ల (వాల్వులు ఆనుకుని మూసుకునే అంచుల) మధ్య చిట్లింది. పైగా ఛాంబరు, అంటే హెడ్డులో ఇంధనం మండే గుంట, 76 సీసీ. బోరు (సిలిండరు వ్యాసం) 30 థౌ, అంటే 0.030 అంగుళం, పెంచి తల చదునుగా ఉండే ఫ్లాట్‌టాప్ పిస్టన్లు వేయించినా, లెక్క కడితే కంప్రెషన్ నిష్పత్తి 8.6 దగ్గరే ఆగింది. 64 సీసీ అయితే 9.6 వస్తుంది.

ముందు 1996 నుంచి షెవర్లే ట్రక్కుల్లో వచ్చిన వోర్టెక్ హెడ్ల మీదికి మనసు పోయింది. ఇనుమే అయినా గాలి బాగా పీలుస్తాయి. కానీ హెడ్లకు గాలి చేర్చే ఇన్‌టేక్ మానిఫోల్డు బోల్టుల వరస వాటికి వేరు, నా పాతది కూర్చోదు. లిఫ్టు (వాల్వు తెరుచుకునే ఎత్తు) 0.470 అంగుళాలకు అటూ ఇటూగా చేరితే వాల్వు స్ప్రింగును పట్టే రిటైనరు, వాల్వు కాడ కదిలే గైడుకు తగులుతుంది. వాల్వులను తెరిచే నా క్యామ్ లిఫ్టు 0.480. మానిఫోల్డు కొని, గైడ్లు చెక్కించేసరికి చవక కాస్తా ఎగిరిపోతుంది.

తర్వాత ప్రకటనల మాయ. 0.600 లిఫ్టు దగ్గర ఇంత గాలి అని పెద్ద అక్షరాలు! నా వాల్వు అంతవరకు తెరుచుకోనే తెరుచుకోదు. 0.400, 0.450 దగ్గర ఎంత అని అడిగితే కొందరు జవాబే ఇవ్వలేదు. 210 సీసీ పోర్టుల (హెడ్డులో గాలి వెళ్లే దారుల) మీద నాకూ ఆశ ఉండేది. కానీ నాది 5,000 ఆర్‌పీఎం దాటని ట్రక్కు. పోర్టు మరీ పెద్దదైతే తక్కువ ఆర్‌పీఎంలో గాలి వేగం పడిపోయి బండి మొద్దుగా కదులుతుంది. 180 సీసీవి తీసుకున్నాను.

ఇక కిరోసిన్. వాల్వులు గట్టిగా మూసుకుంటున్నాయో లేదో చూసే పరీక్ష అది. హెడ్డు తిరగేసి, ప్లగ్గులు బిగించి, ఛాంబర్లు నింపి, పోర్టుల్లోకి టార్చి వేశాను. పది నిమిషాలకు ఒక ఎగ్జాస్ట్ పోర్టు తడిసింది. వేలు పెడితే కిరోసిన్‌తో పాటు సన్నని అల్యూమినియం పొట్టు అంటుకుంది. కొత్త హెడ్డులో! అమ్మినవాళ్లు "నడిస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు. బాబాయి మాత్రం "విప్పేయ్‌రా" అన్నాడు.

మెషీన్ షాపులో వాల్వులన్నీ తీయించి, కడిగించి, సీట్లు మళ్లీ పట్టించాను. రెండు గైడ్లు వదులుగా ఉంటే అవీ మార్చారు. హెడ్లకు 900 డాలర్లు, ఈ పనికి 350, పుష్‌రాడ్లు, గట్టి వాషర్లు, కొత్త ప్లగ్గులకు మరో 200. ఆ 1,450తో మొదటే పేరున్నవి కొనుక్కోవచ్చు. ఇంట్లో ఈ లెక్క ఇంకా చెప్పలేదు.

ఈ శనివారం బిగిస్తున్నాను. హెడ్డుకు 17 బోల్టులు, నీళ్ల జాకెట్‌లోకి దిగేవి. మరలకు సీలెంట్ రాయడం మర్చిపోవద్దని బాబాయి రెండుసార్లు మెసేజ్ పెట్టాడు.