పది శాతంతో తేలని లెక్క

అమెరికాలోని ఒక ప్రభుత్వ కళాశాలలో భారతీయ సాహిత్యాన్ని ఇంగ్లీషు అనువాదాల ద్వారా బోధిస్తున్న నాకు సెమిస్టరు మొదలయ్యే ముందు ఎప్పుడూ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏ పుస్తకంలోంచి ఎన్ని పేజీలు స్కాన్ చేసి విద్యార్థుల కోర్సు సైటులో పెట్టవచ్చు? తోటి అధ్యాపకులను అడిగితే చాలామంది "పది శాతం దాటకుండా చూసుకోండి, చాలు" అని నిశ్చింతగా చెబుతారు. ఆ పది శాతం చట్టంలో ఎక్కడా లేదు.

1976 నాటి కాపీరైట్ చట్టంలోని 107వ సెక్షన్ ఫెయిర్ యూజ్‌కు, అంటే హక్కుదారు అనుమతి అడగకుండానే రచనను న్యాయంగా వాడుకునే వెసులుబాటుకు, ఉదాహరణలు చెబుతూ బోధనను పేర్కొన్నది, తరగతి కోసం ఒకటికి మించి ప్రతులు తీయడాన్ని కూడా ప్రస్తావించింది. అయితే పేర్కొన్నంత మాత్రాన అనుమతి దొరికినట్టు కాదు. వాడకం ఉద్దేశం ఏమిటి, రచన స్వభావం ఎలాంటిది, అందులో ఎంత భాగం తీసుకున్నాం, దానివల్ల ఆ రచన అమ్మకాలకూ విలువకూ ఎంత దెబ్బ అన్న నాలుగు అంశాలనూ కలిపి తూచవలసిందే. పది శాతం మాట ప్రచారంలోకి రావడానికి అదే ఏడాది ప్రచురణకర్తల, రచయితల, విద్యాసంస్థల ప్రతినిధులు కుదుర్చుకున్న మార్గదర్శకాలు ఒక కారణం. వచన రచనలో వెయ్యి పదాలు లేదా పది శాతం, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చునని అవి చెప్పాయి. అది అంతవరకు ఫరవాలేదనే కనీస హద్దే తప్ప అంతకు మించకూడదనే గరిష్ఠ పరిమితి కాదని కూడా వాటిలోనే ఉంది. విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం ఆ కొలతలు ఉన్నత విద్యకు మరీ ఇరుకని అప్పుడే అభ్యంతరం చెప్పింది.

ఈ విషయాన్ని నిజంగా అర్థం చేసుకోవాలంటే జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం కేసును చూడాలి. అక్కడి అధ్యాపకులు పుస్తకాల్లోని అధ్యాయాలను గ్రంథాలయం ద్వారా ఆన్‌లైన్‌లో విద్యార్థులకు అందిస్తున్నారని కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, సేజ్ ప్రచురణ సంస్థలు 2008లో దావా వేశాయి. 2012లో న్యాయమూర్తి ఒరిండా ఎవాన్స్ ఒక్కొక్క వాడకాన్నీ విడివిడిగా పరిశీలించి, పది కన్నా తక్కువ అధ్యాయాలున్న పుస్తకంలో పది శాతం, అంతకన్నా పెద్ద పుస్తకంలో ఒక అధ్యాయం అనే కొలత పెట్టుకొని, అయిదు చోట్ల మాత్రమే ఉల్లంఘన జరిగిందని తేల్చారు. 2014లో అప్పీలు కోర్టు ఈ పద్ధతిని తోసిపుచ్చింది. నాలుగు అంశాలకూ సమాన మార్కులు వేసి కూడడం, అన్ని పుస్తకాలకూ ఒకే శాతం పెట్టడం చెల్లవన్నది. కేసు మళ్ళీ కింది కోర్టుకు వెళ్ళింది, 2018లో మరోసారి తిరిగి వచ్చింది, 2020లో గానీ ముగియలేదు. చివరికి కూడా వాడకాలలో ఎక్కువ భాగం ఫెయిర్ యూజ్ కిందికే వచ్చింది. పన్నెండేళ్ళు వాదించిన తరువాత కూడా న్యాయస్థానాలు మన చేతికి ఒక అంకె ఇవ్వలేదు. నా దృష్టిలో ఆ కేసు నేర్పిన ముఖ్యమైన పాఠం ఇదే.

మరొకటి కూడా ఉంది, రోజువారీ పనికి అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. లాభాపేక్ష లేని బోధన కాబట్టి మొదటి అంశం మనకు అనుకూలంగానే ఉంటుందని అప్పీలు కోర్టు ఒప్పుకుంది. కానీ పుస్తకంలోని భాగాన్ని ఏ మార్పూ లేకుండా, అది రాసిన ప్రయోజనానికే వాడుతున్నాం గనుక కొనుగోలు స్థానాన్ని మన ప్రతి ఆక్రమించే ప్రమాదం ఎక్కువని, నాలుగో అంశానికి ఆ మేరకు బరువు పెంచాలని చెప్పింది. ఆ అధ్యాయానికి డిజిటల్ లైసెన్సు సరసమైన ధరకు సులభంగా దొరుకుతూ ఉంటే మన వాదన బలహీనపడుతుంది. అమ్మే ఏర్పాటే హక్కుదారు చేయకపోతే నష్టం వచ్చిందనే వాదన నిలవడం కష్టం.

గురజాడ "దిద్దుబాటు"నే తీసుకుందాం. 1910లో వెలువడిన ఆ తెలుగు కథ మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. దానిని మొత్తంగా కోర్సు సైటులో పెట్టుకోవచ్చు. నా విద్యార్థులకు కావలసింది ఇంగ్లీషు అనువాదం. గత ముప్ఫై నలభై ఏళ్ళలో వచ్చిన అనువాదానికి అనువాదకుల హక్కు వేరుగా ఉంటుంది. అది సృజనాత్మక రచన గనుక రెండో అంశం నాకు అంతగా కలిసిరాదు. కథ మొత్తం కావాలి, సగం కథతో పాఠం సాగదు. సంకలనంలో అది కొన్ని పేజీలే కావచ్చు, కానీ కథగా చూస్తే పూర్తి రచన. ఇక్కడ శాతం ఎటు లెక్కించినా ఊరటా ఉంటుంది, భయమూ ఉంటుంది. ఆ సంకలనం అచ్చులో లేక, లైసెన్సు ఇచ్చేవారు కూడా కనబడకపోతే, నమోదైన విద్యార్థులకు మాత్రమే పాస్‌వర్డుతో, ఆ సెమిస్టరు వరకే పెట్టడం సమర్థించుకోదగినదని నా అభిప్రాయం. అదే సంకలనం పుస్తకాల దుకాణంలో దొరుకుతూ ఉంటే, అందులోంచి నాలుగైదు కథలు తీసుకొనేటప్పుడు పుస్తకాన్నే కొనమని చెప్పడం న్యాయం.

హైదరాబాదు, ఢిల్లీలలో చదివి వచ్చిన మిత్రులు ఈ తర్కాన్ని అతి జాగ్రత్త అనుకుంటారు. పుస్తకాల్లోని భాగాలను ప్రతులు తీసి కోర్సు ప్యాకెట్లుగా విద్యార్థులకు అమ్మిన ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్సు దుకాణం కేసును వాళ్ళు గుర్తు చేస్తారు. అక్కడ కూడా వాదులలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఉన్నాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. కానీ అది భారత చట్టంలో బోధనకు ప్రత్యేకంగా ఇచ్చిన మినహాయింపు మీద నిలబడిన తీర్పు. అమెరికాలో ఇలాంటి కోర్సు ప్యాకెట్లు అమ్మిన కింకోస్ అనే జిరాక్సు దుకాణాల సంస్థ 1991లోనే కోర్టులో ఓడిపోయింది. ఢిల్లీ తీర్పు ఇచ్చిన ధైర్యాన్ని ఇక్కడికి తెచ్చుకోకూడదు.

పత్రికా వ్యాసాల విషయంలో చాలాసార్లు ఈ చర్చే అవసరం లేదు. గ్రంథాలయం చందా కట్టిన డేటాబేసులో ఆ వ్యాసం ఉంటే లింకు ఇస్తే సరిపోతుంది. తరగతి గదిలో సినిమా చూపించడానికి కూడా 110వ సెక్షన్ విడిగా వీలు కల్పిస్తోంది, ప్రతి మాత్రం చట్టబద్ధమైనదై ఉండాలి.

చాలా కళాశాలలు గడులలో టిక్కులు పెట్టే ఫారం ఒకటి ఇస్తాయి. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు, ఎందుకంటే టిక్కుల సంఖ్య చూసి తీర్పు చెప్పే అలవాటునే అప్పీలు కోర్టు తప్పుపట్టింది. దానికి బదులు ఏ పేజీలు, ఏ పాఠానికి, లైసెన్సు కోసం ఎక్కడ వెతికాను, ఏం ధర చెప్పారు అన్నవి నాలుగు వాక్యాలలో రాసి తేదీ వేసి దాచుకుంటాను. లాభాపేక్ష లేని విద్యాసంస్థ ఉద్యోగి తన వాడకం ఫెయిర్ యూజ్ అని సహేతుకంగా నమ్మి ప్రతి తీసి ఉంటే అసలు నష్టాన్ని రుజువు చేయకుండానే రాబట్టగలిగేలా చట్టం నిర్ణయించిన నష్టపరిహారాన్ని కోర్టు మాఫీ చేయాలని 504వ సెక్షన్ చెబుతోంది. ఆ నమ్మకానికి అప్పుడే రాసుకున్న కాగితం కన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది?

ఈసారి ఒక చరిత్ర పుస్తకంలోని రెండు అధ్యాయాలకు లైసెన్సు దొరికింది గనుక వాటిని స్కాన్ చేయలేదు. ఒకదానికి విభాగం డబ్బు కట్టింది, రెండోదాని కోసం పుస్తకాన్ని గ్రంథాలయంలో ఆ తరగతి విద్యార్థుల కోసం విడిగా ఉంచే రిజర్వు అరలో పెట్టించాను.