తోలు కమ్మలకు ఆర్టిజన్ కార్డు: నా అనుభవం

చేతివృత్తుల వాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డే ఆర్టిజన్ కార్డు. నిన్న మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ నా కార్డు చేతిలో పెట్టి వెళ్ళాడు. ఏడు నెలలు పట్టింది. మా ఊళ్ళో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఇదే దారిలో ఉన్నారు కాబట్టి, కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది ధర్మవరం పక్కన నిమ్మలకుంట. తోలుబొమ్మలాట ఆడే ఇల్లు. నాయన చిన్నప్పుడు తెల్లవార్లూ రామాయణం ఆడేవాళ్ళు. ఇప్పుడు ఆటకు పిలిచేవాళ్ళు తక్కువ, అదే మేకతోలుతో ఇంటింటా లాంప్ షేడ్లు చేస్తున్నాం. 2020లో మా ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చిందంటే ఈ తోలుబొమ్మల పనికే వచ్చింది. నేను ఆరేళ్ళుగా కమ్మలు, లాకెట్లు చేస్తున్నా. ఎగ్జిబిషన్లో స్టాల్ అడిగితే కార్డు ఉందా అంటారు, అందుకే మొదలుపెట్టా.

ఆధార్, పాస్‌బుక్, ఫోటో ఒక్క రోజు పని. ఫోన్ నంబర్ ఆధార్‌కు లింకు ఉందో లేదో ముందే చూసుకోండి, అంతే.

అసలు తంటా ఏ చేతివృత్తి అని అడిగే గడి దగ్గర మొదలైంది. ఆన్‌లైన్ సెంటర్ అబ్బాయి ఒక్క మాట నన్నడగకుండా 'ఆభరణాలు' అని నొక్కేశాడు. రెండు నెలలకు దరఖాస్తు తిరిగొచ్చింది. కార్డులిచ్చే ఆఫీసుకు వెళ్తే, ఆభరణం అంటే వెండో ఇత్తడో ఉండాలి కదమ్మా అన్నారు. సరే అని తోలు వస్తువులు అని పెట్టించా. తోలు అంటే చెప్పులు, బ్యాగులు, మీది ఊనిన తోలు, అంటే పదును చేసిన తోలు కూడా కాదు అన్నారు. ఆ మాట నిజమే, మేం తోలు ఊనం. వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెడతాం. అందుకే వెలుగు అందులోంచి దాటుతుంది. మరి తోలుబొమ్మలు అని పెట్టమంటారా అంటే, 'బొమ్మ ఎక్కడుంది, చెవికి పెట్టుకునేది బొమ్మ ఎట్లా అవుతుంది?' అన్నారు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను.

మూడోసారి పని చేసి చూపించమని పిలిచారు. పీట, ఉలులు, తోలు ముక్క, తయారైన కమ్మల డబ్బా అన్నీ తీసుకెళ్ళా. డబ్బా మూత తీయగానే సారు ముక్కు పక్కకు తిప్పుకున్నాడు. ఆరిన తోలుకు వాసన పెద్దగా ఉండదు, రంగు వేశాక అసలే ఉండదు. 'తోలా? టేబుల్ మీద వద్దమ్మా, పైన దేవుడి పటం ఉంది, కింద పెట్టు' అన్నాడు. చుట్టూ నలుగురు ఉన్నారు. నేను కింద పెట్టలేదు. డబ్బా చేతిలో పట్టుకునే నిలబడ్డా. గోళ్ళ చివర్లతో ఒక కమ్మ తీసి చూసి, 'ప్లాస్టిక్ షీటు లాగుంది, లేజర్ కటింగ్ కదా?' అని, కమ్మ పడేసి శానిటైజర్ రాసుకున్నాడు.

ఆట మొదలయ్యేది వినాయకుడితో, సరస్వతితో. టెంకాయ కొట్టి ఆ బొమ్మలను కళ్ళకద్దుకొని తెర మీద పెడతాం. ఆ వినాయకుడు తోలే, సరస్వతీ తోలే, రాముడూ సీతా తోలే. మా తాతల నుంచి దేవుణ్ణి తోలు మీదే చూశాం. తోలు ముట్టుకుంటే దేవుడికి మైల అని చెప్పే మనిషి, చేతివృత్తుల వాళ్ళకు మేలు చేసే సీటులో కూర్చుని జీతం తీసుకోవడం తప్పు. ఆ రోజు నోరు పెగల్లేదు, ఇక్కడ చెప్తున్నా.

వరండాలో నేల మీద కూర్చోబెట్టారు. కూర్చుని కొట్టా. రెండంగుళాల నెమలి కమ్మలో వందకు పైగా చిల్లులుంటాయి. చుక్కకు ఒక ఉలి, బియ్యపు గింజ ఆకారానికి ఇంకోటి. జత రెండూ తోలులో ఒకే చోట నుంచి కోయాలి. మేకతోలు మెడ దగ్గర మందం, పొట్ట దగ్గర పలచన, వేర్వేరు చోట్ల కోస్తే ఒక చెవికి బరువు తెలుస్తుంది. చేత్తో కొట్టిన చిల్లుకు వెనకవైపు అంచు సన్నగా లేచి ఉంటుంది, బొటనవేలితో రాస్తే గరగరమంటుంది. లేజర్ కటింగ్‌కు అది రాదు. చెప్పాలనుకున్నా, సారు ఫోన్ చూసుకుంటున్నాడు.

నెల తర్వాత వేరే మేడమ్ వచ్చారు, మా ఇంటికే. అడక్కుండానే కమ్మ తిప్పి వెనక్కు బొటనవేలు రాశారు. కిటికీకి ఎదురు పట్టుకుంటే నెమలి కన్ను ఎరుపూ ఆకుపచ్చా ఆవిడ చీర మీద పడింది. గోడకున్న నాయన హనుమంతుణ్ణి చూసి, 'రెండూ ఒకే చేతిపని కదమ్మా, తోలుబొమ్మల కిందే రాస్తాను' అన్నారు. పావుగంటలో అయిపోయింది. నియమం మారలేదు, మనిషి మారింది.

దరఖాస్తు పెట్టేవాళ్ళకు: ఆభరణాలు అని అస్సలు పెట్టొద్దు, తోలుబొమ్మలు అనే పెట్టండి, చిన్న బొమ్మ ఒకటి వెంట తీసుకెళ్ళండి. సగం కొట్టిన ముక్క కూడా ఉంచుకోండి, కొన్న సరుకు అనలేరు. డబ్బులిస్తే వారంలో తెప్పిస్తా అనే మధ్యవర్తిని గుమ్మం ఎక్కనివ్వద్దు, ఫారం మీరే నింపండి. వానాకాలం డెమో అయితే కమ్మలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, తడిస్తే మెత్తబడి మెలితిరుగుతాయి. నా జత ఒకటి అలాగే పోయింది.

నా కార్డులో ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. సోమవారం మళ్ళీ అదే ఆఫీసుకు వెళ్తున్నా. డబ్బా తీసుకునే వెళ్తా, టేబుల్ మీదే పెడతా.