పంచాయతీ కార్యదర్శిగా నా మొదటి మూడు గ్రామసభలు

2018 ఆగస్టులో తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నోటిఫికేషన్ వచ్చినప్పుడు నేను హన్మకొండలో రూం తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఒకేసారి 9,355 పోస్టులు. కొత్త పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. ఊరికో కార్యదర్శి కావాలి. అక్టోబరు 10న పరీక్ష, రెండు పేపర్లు. రెండోదాంట్లో ఆ కొత్త చట్టం ఉంది. చట్టం అందరికీ కొత్తదే కదా, ముందు నుంచి చదివినవాళ్లతో సమానంగా నిలబడొచ్చని రెండో పేపర్ మీదే ఎక్కువ కూర్చున్నాను. ఆ తర్వాత ఎన్నికలు, కోర్టు కేసులు, నెలల తరబడి టెన్షన్. 2019 ఏప్రిల్‌లో ఆర్డర్ చేతికొచ్చింది. జీతం 15,000, మూడేళ్ల ప్రొబేషన్. (ఆ జీతం 28,719 అయింది 2021లో. రెగ్యులర్ చేయడం 2023లో మొదలైంది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు అంత ఓపికకు సిద్ధపడాలి.)

నాకు నర్సంపేట దాటాక, పాకాల వైపు ఒక ఊరు ఇచ్చారు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని చట్టంలో బట్టీ పట్టాను. జూలైలో పెట్టాం. ముందురోజు చాటింపు వేయించాం, పొద్దున పదింటికి షామియానా కింద కుర్చీలు వేయించాం. సర్పంచ్, వార్డు మెంబర్లు, అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, నలుగురు ముసలివాళ్లు వచ్చారు. కోరం లేదు, అంటే సభ చెల్లడానికి కావాల్సినంత మంది రాలేదు. పుస్తకం ఇంటింటికీ తీసుకెళ్లి సంతకాలు పెట్టించుకుందామని ఒకరన్నారు. నాకు మనసొప్పలేదు. సభ వాయిదా వేశాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు పారిశుధ్యం ఫొటోల కోసం ఆరింటికే వాడలు తిరుగుతూ, ఎందుకు రాలేదని ఒక్కొక్కరినీ అడిగాను. నాట్లు పడుతున్నాయి, పదింటికి ఊళ్లో ఎవరుంటారు? అది నేనే ఆలోచించాల్సిన సంగతి. కానీ చివరి వాడలో ఒక పెద్దమ్మ చెప్పింది వేరు. "రాసుకపోతరు బిడ్డా, మల్ల రారు. మా ఇంటి ముంగట స్తంభానికి లైటు లేదని ఎన్నిసార్లు చెప్పిన? చీకట్ల పురుగు పుట్ర భయం."

పాత తీర్మానాల పుస్తకం తెరిచి చూశాను. ఆమె చెప్పిన లైటు రెండు చోట్ల రాసి ఉంది. చేశారా లేదా అన్నది మాత్రం ఎక్కడా లేదు.

రెండో సభ సాయంత్రం పెట్టాం, పొలాల నుంచి వచ్చాక. ఆడవాళ్లు గుంపుగా వస్తారని మహిళా సంఘాల లీడర్లను ముందే కలిశాను. ఖర్చుల లెక్క చదవడానికి ముందు, పాత పుస్తకంలో చేయకుండా మిగిలిన పనులన్నీ చదివి వినిపించాను. సర్పంచ్ గారికి మొదట కష్టంగానే అనిపించింది. ఆయన గెలిచి ఆర్నెల్లే, పాతవాటికి జవాబు ఆయనెందుకు చెప్పాలి? అయినా ఒప్పుకున్నారు. ఆ పెద్దమనసుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కోరం నిండింది. అరుపులూ బాగానే అయ్యాయి, కానీ ఎవరూ మధ్యలో లేచి పోలేదు.

సెప్టెంబరు 6న పల్లెల బాగు కోసం ప్రభుత్వం పెట్టిన ముప్పై రోజుల ప్రణాళిక మొదలైంది. పనులు చూసుకోవడానికి ఊరివాళ్లతో స్థాయీ సంఘాలు నాలుగు, ఒక్కోదానిలో పదిహేను మంది. వీధి దీపాల సంఘంలో ఆ వాడ నుంచి ఇద్దరు ఆడవాళ్లను తీసుకున్నాం. ఏ స్తంభానికి లైటు లేదో, ఎక్కడ పగలు కూడా వెలుగుతోందో వాళ్లే తిరిగి రాశారు. థర్డ్ వైర్, అంటే వీధి దీపాలకని విడిగా లాగే తీగ, లేకపోతే లైటును విడిగా ఆపలేం, కరెంటు బిల్లు పంచాయతీ మీద పడుతుంది. ఈ సంగతి నేను ఏ పుస్తకంలో చదవలేదు, మా లైన్‌మన్ చెబితే తెలిసింది. వైరు లాగారు, స్విచ్చులు పెట్టారు.

మూడో సభకు పెద్దమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. పోయినసారి తీర్మానాలు చదువుతూ ఆమె వాడ లైటు దగ్గరికి వచ్చి, "అయింది" అన్నాను. ఆమె లేచి నిలబడింది.

"లైటొచ్చింది సరే బిడ్డా. మరి మోరీ సంగతేంది?"

కొత్త పేజీ తిప్పి, మొదటి అంశంగా అదే రాశాను.